క్రియ సొంత ఇల్లు ఎక్కడ?

“గోపి పుస్తకం చదువుతున్నాడు.” ఇందులో కర్త గోపి, కర్మ పుస్తకం, క్రియ చదువుతున్నాడు. ఇది మీకు చిన్న తరగతుల్లోనే చెప్పి ఉంటారు. తెలుగులో క్రియ వాక్యం చివర కూర్చుంటుంది. ఇంగ్లీషులో అలా కాదు. “గోపి రీడ్స్ ఎ బుక్” అంటారు. అక్కడ క్రియ కర్తకూ కర్మకూ నడుమ దూరింది.

ప్రపంచంలోని భాషల్లో ఎక్కువ భాగం ఈ రెండు పద్ధతుల్లో ఏదో ఒకటి పాటిస్తాయి. తెలుగు, హిందీ, జపాను, టర్కీ భాషలు ఒక జట్టు. ఇంగ్లీషు, ఇటాలియన్, థాయ్, స్వాహిలీ మరో జట్టు. 1963లో జోసెఫ్ గ్రీన్‌బర్గ్ అనే అమెరికా శాస్త్రవేత్త 30 భాషలను ఎంచుకుని, వాటిలో మాటల వరుస ఎలా ఉంటుందో పట్టిక వేశాడు. మన ద్రావిడ భాషల తరఫున ఆ పట్టికలో కూర్చున్నది కన్నడం. డచ్చి భాష ఆ 30లో లేదు. ఉండి ఉంటే దాన్ని ఏ జట్టులో వెయ్యాలో తెలియక ఆయన కొంతసేపు పెన్సిలు కొరుక్కునేవాడేమో!

ఎందుకంటే డచ్చి భాష రెండు జట్ల తరఫునా ఆడుతుంది.

డచ్చి భాష హాలెండు అని మనం పిలిచే నెదర్లాండ్స్ దేశానిది. బెల్జియం ఉత్తర భాగంలోనూ, దక్షిణ అమెరికాలోని సురినాంలోనూ కూడా మాట్లాడతారు. మాట్లాడేవారు 2 కోట్లకు పైగానే ఉన్నారు. మన కోస్తావారికి ఈ పేరు కొత్తది కాదు. 17వ శతాబ్దం మొదట్లోనే డచ్చి వర్తకులు మచిలీపట్నంలో దిగి అద్దకం బట్టలు కొనుక్కుపోయారు. ఆ ఊళ్లో వలందపాలెం అనే పేట ఉంది. వలంద అంటే హాలెండే. భీమునిపట్నంలో వాళ్ల సమాధులు ఇప్పటికీ చూడవచ్చు. అయితే వాళ్లు బట్టలు కొన్న సంగతి చరిత్ర మాష్టారు చెబుతారు. వాళ్ల వాక్యాల సంగతి మనం చూద్దాం.

ముందు ఒక చిన్న వాక్యం:

యాన్ లేస్ట్ అన్ బూక్.

యాన్ అంటే ఒక కుర్రాడి పేరు. లేస్ట్ అంటే చదువుతున్నాడు. అన్ బూక్ అంటే ఒక పుస్తకం. క్రియ నడుమ ఉంది. ఓహో, ఇది ఇంగ్లీషు జట్టు అనుకుంటాం. ఇప్పుడు దీన్నే మరో వాక్యం లోపల పెడదాం. “యాన్ పుస్తకం చదువుతున్నాడని నాకు తెలుసు” అనాలి. డచ్చివారు ఇలా అంటారు:

ఇక్ వేట్ డట్ యాన్ అన్ బూక్ లేస్ట్.

ఇక్ వేట్ అంటే నాకు తెలుసు. డట్ అనేది మన ‘అని’ చేసే పనే చేస్తుంది. తేడా ఏమిటంటే మన ‘అని’ లోపలి వాక్యానికి తోకలా వస్తుంది, డట్ తలలా వస్తుంది. దాని తరువాత చూడండి: యాన్, అన్ బూక్, లేస్ట్. యాన్, పుస్తకం, చదువుతున్నాడు. అచ్చం తెలుగు వరుస! ఇందాక నడుమ ఉన్న క్రియ ఇప్పుడు చివరికి వచ్చి కూర్చుంది.

ఇది ఈ ఒక్క వాక్యంలో జరిగిన విచిత్రం కాదు. పెద్ద వాక్యంలో భాగంగా వచ్చే చిన్న వాక్యాన్ని ఉపవాక్యం అంటాం కదా. డచ్చిలో ప్రధాన వాక్యంలో క్రియ ముందు వైపు ఉంటుంది, ఉపవాక్యంలో చివర ఉంటుంది. ఇంగ్లీషు వచ్చినవాళ్లు డచ్చి నేర్చుకునేటప్పుడు తల పట్టుకునేది ఇక్కడే. తెలుగు పిల్లలకు ఇంత బెంగ ఉండదని నా నమ్మకం. ఉపవాక్యం వచ్చినప్పుడల్లా ఇంటికి వచ్చినట్టే ఉంటుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఒకే క్రియ రెండు చోట్ల కనిపిస్తోంది. వీటిలో దాని సొంత ఇల్లు ఏది? నడుమ ఇల్లు ఉండి, ఉపవాక్యంలో చివరికి వెళుతోందా? లేక చివర ఇల్లు ఉండి, ప్రధాన వాక్యంలో ముందుకు నడిచి వస్తోందా?

ఇదేం ప్రశ్న, క్రియకు ఇల్లేమిటి అనకండి. అణువు లోపల ఏముందో ఎవరూ కళ్లతో చూడలేదు. బయట కనిపించే ఆనవాళ్లను బట్టి లోపలి సంగతి ఊహించారు, ఆ ఊహను పరీక్షించారు. భాషాశాస్త్రంలోనూ పద్ధతి అదే. కాబట్టి ఆనవాళ్లు వెతుకుదాం.

మొదటి ఆనవాలు. డచ్చిలో కొన్ని జంట క్రియలు ఉన్నాయి. ‘ఓప్‌బెల్లన్’ అంటే ఫోను చెయ్యటం. ఓప్ అంటే పైకి, బెల్లన్ అంటే గంట మోగించటం. రెండూ కలిసి ఒకే క్రియ. దీన్ని ఉపవాక్యంలో పెడితే రెండు ముక్కలూ కలిసే ఉంటాయి:

డట్ ఇక్ మైన్ మూడర్ ఓప్‌బెల్ — నేను మా అమ్మకు ఫోను చేస్తానని.

ప్రధాన వాక్యంలో ఏమవుతుందో చూడండి:

ఇక్ బెల్ మైన్ మూడర్ ఓప్.

బెల్ ముందుకు వచ్చేసింది. ఓప్ మాత్రం చివరే ఉండిపోయింది! మనిషి వీధిలోకి వెళ్లాడు, చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి. చెప్పులు ఎక్కడున్నాయో ఇల్లు అక్కడే అని ఊహించటానికి పెద్ద పోలీసు బుర్ర అక్కరలేదు.

రెండో ఆనవాలు. ప్రధాన వాక్యంలో రెండు క్రియలు ఉంటే ఏం జరుగుతుంది? “యాన్ పుస్తకం చదవాలనుకుంటున్నాడు” అనటానికి “యాన్ విల్ అన్ బూక్ లేజన్” అంటారు. విల్ అంటే కోరుకుంటున్నాడు, లేజన్ అంటే చదవటం. ముందుకు వచ్చినది విల్ ఒక్కటే. లేజన్ కదలకుండా చివర కూర్చుంది. అంటే బయటికి వెళ్లే అవకాశం ఒక్క క్రియకే ఉంది. అది కూడా సమాపక క్రియకే. మిగిలినవన్నీ ఇంట్లోనే ఉంటాయి, ఆ ఇల్లు వాక్యం చివర ఉంది.

మూడో ఆనవాలు నాకు అన్నిటికంటే ఇష్టమైనది, పసిపిల్లలది. డచ్చి పిల్లలు రెండేళ్ల వయసులో మాటలు కూడబలుక్కునేటప్పుడు తరచు “నాన్న పుస్తకం చదవటం” అన్న వరుసలో, క్రియను మార్పు లేని రూపంలో చివర పెట్టి మాట్లాడతారు. పెద్దవాళ్ల చిన్న వాక్యాల్లో నడుమ క్రియ రోజంతా వాళ్ల చెవిన పడుతూనే ఉంటుంది. అయినా చివర చోటును వాళ్లు అంత త్వరగా పట్టేస్తారు.

ఇలాంటి ఆనవాళ్లను కూడగట్టి 1975లో యాన్ కోస్టర్ అనే డచ్చి భాషాశాస్త్రవేత్త ఒక వ్యాసం రాశాడు. డచ్చి మూలంలో కర్త, కర్మ, క్రియ వరుస గల భాషేనని ఆయన వాదం. అంటే లోపలి కట్టడంలో డచ్చి మన జట్టేనన్నమాట.

సరే, చివర ఇల్లే అనుకుందాం. అప్పుడు ఇంకో ప్రశ్న పుడుతుంది. క్రియ ప్రధాన వాక్యంలో ముందుకు ఎందుకు వస్తుంది? ఉపవాక్యంలో ఎందుకు రాదు? దీనికి జవాబు చెప్పాలంటే ముందు అది ఎక్కడికి వస్తోందో సరిగ్గా చూడాలి. ‘నడుమకు’ అని ఇంతవరకు అన్నాను. అది ఉజ్జాయింపు మాట. ఈ వాక్యం చూడండి:

మోర్‌ఖన్ లేస్ట్ యాన్ అన్ బూక్.

మోర్‌ఖన్ అంటే రేపు. (ఇక్కడి ‘ఖ’ను గొంతు గీరుకుంటున్నట్టు పలకాలి.) రేపు, చదువుతాడు, యాన్, ఒక పుస్తకం. ఇప్పుడు క్రియ కర్తకంటే ముందే వచ్చింది. ఇంగ్లీషులో ఇలా అంటే తప్పు. డచ్చిలో ఇలా అనకపోతే తప్పు. మొదటి చోట కర్త ఉన్నా, కర్మ ఉన్నా, రేపు ఉన్నా, క్రియ మాత్రం రెండో చోటే ఉండాలి. అంటే వాక్యం ముందు వరుసలో రెండో కుర్చీ ఒకటి ఉంది. క్రియ ఇంట్లోంచి లేచి వచ్చి కూర్చునేది ఆ కుర్చీలో.

ఇక డట్ సంగతి. హాన్స్ డెన్ బెస్టన్ అనే మరో డచ్చి పండితుడు, ఆ దశకంలోనే, చాలా తేలికైన మాట ఒకటి చెప్పాడు. డట్ కూర్చునేది కూడా ఆ కుర్చీలోనే! కుర్చీ ఒక్కటే. డట్ ముందుగా వచ్చి కూర్చుంటే క్రియకు చోటు లేదు. కనుక క్రియ ఇంట్లోనే ఉండిపోతుంది. డట్ లేకపోతే క్రియ వచ్చి కూర్చుంటుంది.

ఊహ బాగుంది. కాని బాగున్నంత మాత్రాన ఒప్పుకోకూడదు కదా! పరీక్ష పెడదాం. ఈ ఊహే నిజమైతే, ఉపవాక్యంలో మొదటి మాటను తీసేస్తే కుర్చీ ఖాళీ అవాలి, చివర ఉన్న క్రియ ముందుకు రావాలి. డచ్చిలో ‘అల్స్’ అంటే ‘అయితే, ఉంటే’ అనే అర్థం ఇచ్చే మాట. “నాకు జబ్బుగా ఉంటే” అనటానికి “అల్స్ ఇక్ జీక్ బెన్” అంటారు. ఇక్ అంటే నేను, జీక్ అంటే జబ్బు, బెన్ అంటే ఉన్నాను. క్రియ చివర ఉంది. ఇదే అర్థంతో అల్స్ లేకుండా కూడా అనవచ్చు. అప్పుడు “బెన్ ఇక్ జీక్” అనాలి. అల్స్ లేచింది, బెన్ వచ్చి కూర్చుంది!

దక్షిణ ఆఫ్రికాలో మాట్లాడే ఆఫ్రికాన్స్ భాష డచ్చికి కూతురు. “తనకు జబ్బుగా ఉందని అతను చెబుతున్నాడు” అనటానికి అక్కడ రెండు దారులు ఉన్నాయి. డట్ పెడితే క్రియ చివర ఉంటుంది. డట్ వదిలేస్తే అదే ఉపవాక్యంలో క్రియ రెండో చోటికి వచ్చేస్తుంది. తల్లి ఇంట్లో ఉన్న ఆచారం కూతురింట్లోనూ కనిపించింది. ఒక ఊహ రెండు వేరు వేరు చోట్ల నెగ్గితే దానిమీద నమ్మకం పెరుగుతుంది.

ఇక్కడ చురుకైన విద్యార్థి ఒకరు చెయ్యి ఎత్తాలి. డచ్చిలో ‘ఎందుకంటే’ అనటానికి రెండు మాటలున్నాయి. ఒకటి వంట్, రెండోది ఓమ్‌డట్. “నేను ఇక్కడే ఉంటాను, ఎందుకంటే నాకు జబ్బుగా ఉంది” అని చెప్పాలి:

ఇక్ బ్లైఫ్ హీర్, వంట్ ఇక్ బెన్ జీక్.

ఇక్ బ్లైఫ్ హీర్, ఓమ్‌డట్ ఇక్ జీక్ బెన్.

అర్థం ఒకటే. మొదటిదానిలో బెన్ ముందు ఉంది, రెండోదానిలో చివర ఉంది. మరి వంట్ కుర్చీలో కూర్చోలేదా? లేదు. మీ వ్యాకరణంలో సంయుక్త వాక్యం, సంశ్లిష్ట వాక్యం అని రెండు చదువుకున్నారు. ‘కాని’, ‘కాబట్టి’ లాంటి మాటలు రెండు సమాన వాక్యాలను కలిపి సంయుక్త వాక్యం చేస్తాయి. వంట్ ఆ బాపతు. అది రెండు ఇళ్ల మధ్య వీధిలో నిలబడుతుంది, లోపలికి రాదు. ఓమ్‌డట్ లోపలికి వచ్చి కుర్చీ ఎక్కుతుంది. ఈ తేడాకు ఇంకో సాక్ష్యం కూడా ఉంది. ఓమ్‌డట్ భాగాన్ని మొత్తంగా ఎత్తి వాక్యం మొదట పెట్టవచ్చు:

ఓమ్‌డట్ ఇక్ జీక్ బెన్, బ్లైఫ్ ఇక్ హీర్.

ఉపవాక్యం అంతా కలిసి మొదటి చోటు ఒక్కటే ఆక్రమించింది. కాబట్టి ప్రధాన క్రియ బ్లైఫ్ వెంటనే రెండో కుర్చీలోకి వచ్చింది. బెన్, బ్లైఫ్! రెండు క్రియలు భుజం భుజం రాసుకుంటూ నిలబడ్డాయి. కామా లేకపోతే కొత్తవాడికి ఊపిరాడదు. వంట్ భాగాన్ని ఇలా ముందుకు తేలేరు.

ఈ కథ ముగిసిపోయిందని అనుకోకండి. 1994లో యాన్-వౌటర్ జ్వార్ట్ అనే భాషాశాస్త్రవేత్త దీనికి పూర్తిగా ఎదురు వాదన వినిపించాడు. డచ్చి మూల వరుసలో క్రియ కర్మకు ముందే ఉంటుందని, కర్మే దాన్ని దాటి ముందుకు పోతుందని ఆయన అన్నాడు. మనిషి కదలలేదు, గోడలే జరిగాయి అన్నట్టుంది! రైల్లో కూర్చుంటే చెట్లు పరుగెత్తినట్టు కనిపించటం మీకు తెలుసు. ఎవరు కదిలారో తేల్చటం భౌతికశాస్త్రంలోలాగే ఇక్కడా అంత తేలిక కాదు. నా ఓటు మాత్రం గుమ్మంలోని చెప్పులకే.

ఇంతసేపూ ఇంట్లో ఒక క్రియే ఉందనుకున్నాం. ఉపవాక్యంలో క్రియలు ఎక్కువైతే అన్నీ చివర గుంపుగా చేరతాయి. రెండు క్రియలుంటే ఏది ముందు? “యాన్ పుస్తకం చదివాడని” అనటానికి చివర ‘ఖలేజన్ హేఫ్ట్’ అనవచ్చు, ‘హేఫ్ట్ ఖలేజన్’ అనీ అనవచ్చు. రెండూ ఒప్పే. మొదటిదాన్ని ఆకుపచ్చ వరుస అనీ, రెండోదాన్ని ఎర్ర వరుస అనీ పిలుస్తారు. 1953లో అనీటా పౌవెల్స్ తన పరిశోధన గ్రంథంలో, ఏ ప్రాంతంలో ఏది అంటారో పటం మీద ఈ రంగులతో గుర్తించింది. ఆ రంగులే పేర్లుగా నిలిచిపోయాయి.

క్రియలు మూడైతేనే అసలు తమాషా. “మరీ ఈదటానికి పీట్ సాయం చెయ్యటం యాన్ చూశాడని” అనాలి. డచ్చిలో:

డట్ యాన్ పీట్ మరీ జఖ్ హెల్పన్ జ్వెమ్మన్.

ముందు ముగ్గురు మనుషులు: యాన్, పీట్, మరీ. తరువాత మూడు క్రియలు: చూశాడు, సాయం చెయ్యటం, ఈదటం. మొదటి మనిషికి మొదటి క్రియ, రెండో మనిషికి రెండోది, మూడో మనిషికి మూడోది. పక్కింటి జర్మను భాషలో ఇదే సంగతి ఇలా ఉంటుంది:

డస్ యాన్ పీటర్ మరీ ష్విమ్మన్ హెల్ఫన్ జా.

ఇక్కడ మనుషుల వరుస అదే, క్రియల వరుస తలకిందులు. ఈదటం, సాయం చెయ్యటం, చూశాడు. చివరి మనిషికి మొదటి క్రియ.

కాగితం మీద రాసి ఎవరి క్రియకు వారిని గీతతో కలపండి. జర్మను గీతలు ఒకదాని లోపల ఒకటి ఇమిడిపోతాయి, లెక్కల్లో బ్రాకెట్లలాగ. డచ్చి గీతలు ఒకదాన్నొకటి ఖండించుకుంటాయి. ఇంకోలా చెప్పాలంటే జర్మను పద్ధతి కంచాల దొంతర. చివర పెట్టిన కంచమే ముందు తీయాలి. డచ్చి పద్ధతి రేషను దుకాణం ముందు క్యూ. ముందు వచ్చినవాడే ముందు సరుకు తీసుకుపోతాడు.

మరి తెలుగు? “యాన్, పీట్ మరీ ఈదటానికి సాయం చెయ్యటం చూశాడు” అని మనమూ అనగలం. అది జర్మను దొంతరే. కాని మామూలుగా మనం అలా అనం. పైన నేను మొదట చెప్పిన వాక్యం మళ్లీ చూడండి. మరీ ఈదటానికి, పీట్ సాయం చెయ్యటం, యాన్ చూశాడు. ఎవరి క్రియ వారి పక్కనే ఉంది. దొంతరా లేదు, క్యూ లేదు. గుర్తు పెట్టుకోవలసిన బరువే లేదు. క్రియను చివర పెట్టుకున్న భాషకు మాటలను ఇలా సర్దుకునే వెసులుబాటు ఉండటం ఎంత మేలో!

దొంతర తేలికా, క్యూ తేలికా? ఇది ఊరికే వాదించుకోవలసిన సంగతి కాదు. ప్రయోగం చేసి తేల్చవచ్చు, తేల్చారు కూడా. 1986లో ఎమన్ బాఖ్, కాలిన్ బ్రౌన్, విలియం మార్స్‌లెన్-విల్సన్ అనే ముగ్గురు తమ ఫలితాలు ప్రకటించారు. జర్మనులకు జర్మను వాక్యాలు, డచ్చివారికి డచ్చి వాక్యాలు వినిపించారు. అర్థం కావటం ఎంత తేలికగా ఉందో చెప్పమన్నారు. అర్థమైందో లేదో ప్రశ్నలు వేసి చూశారు. రెండు క్రియల వరకు ఇద్దరూ సమానమే. రెండు దాటాక తేడా వచ్చింది. డచ్చివారికే తేలిక!

కారణం ఊహించగలరా? డచ్చి శ్రోతకు ముందు వినిపించేది ‘చూశాడు’ అనే పై క్రియ. యాన్ ఏదో చూశాడని కథ వెంటనే మొదలవుతుంది, మిగిలినవి వరుసగా దానికి అతుక్కుంటాయి. జర్మను శ్రోతకు ముందు వచ్చేది ‘ఈదటం’. దాన్ని ఎక్కడ తగిలించాలో తెలియక చేతిలో పట్టుకునే నిలబడాలి. చివరి క్రియ వచ్చేదాకా బరువు దిగదు.

గమ్మత్తేమిటంటే యంత్రాల లెక్క దీనికి సరిగ్గా వ్యతిరేకం. 1950లలో నోమ్ చామ్‌స్కీ వాక్యాలు పుట్టించే వ్యాకరణాలను మెట్లు మెట్లుగా వర్గీకరించాడు. ఒక్క దొంతర మాత్రమే జ్ఞాపకంగా ఉన్న యంత్రం బ్రాకెట్ల పద్ధతిని ఎంత పొడవైనా సులువుగా జతపరుస్తుంది. ఖండించుకునే గీతలను జతపరచటం దానికి చేతకాదు, ఇంకా పై మెట్టు యంత్రం కావాలి. డచ్చి వాక్యాలు ఈ చర్చకు నిప్పు రాజేశాయి. 1985లో స్టువర్ట్ షీబర్ స్విట్జర్లాండులోని జర్మను మాండలికాన్ని తీసుకుని, అక్కడ విభక్తులు కూడా ఇదే విధంగా ఖండించుకుంటాయని చూపి, మనుషుల భాష ఆ ఒక్క దొంతర యంత్రానికి అందదని నిరూపించాడు. యంత్రానికి కష్టమైనది మనిషికి తేలిక, మనిషికి కష్టమైనది యంత్రానికి తేలిక!

ఈ ప్రయోగాన్ని చిన్న ఎత్తున మీరూ చెయ్యవచ్చు. ఆరు చీటీలు తీసుకోండి. మూడింటి మీద గోపి, రాధ, బుజ్జి అనీ, మిగిలిన మూడింటి మీద చూశాడు, నేర్పటం, పాడటం అనీ రాయండి. ముందు డచ్చి వరుసలో, తరువాత జర్మను వరుసలో చదివి, ఎవరు ఏం చేశారని స్నేహితులను అడగండి. ఒకరిద్దరితో సరిపెట్టకుండా కనీసం పదిమందిని అడగండి. సగం మందికి జర్మను వరుస ముందు వినిపించండి, లేకపోతే అలవాటు వల్ల రెండోది తేలికనిపించవచ్చు.

చివరగా ఒక చిక్కు ప్రశ్న. “రేపు నేను మా అమ్మకు ఫోను చేస్తాను” అనే వాక్యాన్ని మోర్‌ఖన్‌తో మొదలుపెట్టి డచ్చిలో చెప్పండి. తరువాత దాన్నే ఓమ్‌డట్‌తో మొదలుపెట్టండి. కావలసిన మాటలన్నీ పైన ఉన్నాయి.

జవాబు: మోర్‌ఖన్ బెల్ ఇక్ మైన్ మూడర్ ఓప్. ఓమ్‌డట్ ఇక్ మోర్‌ఖన్ మైన్ మూడర్ ఓప్‌బెల్.